డిక్కీలో దీపం

రెండో అంతస్తు మలుపు తిరుగుతుంటే బాస్ పోయింది. పాట పోలేదు. గొంతు ఉంది, తీగల మోత ఉంది, తాళం కూడా వినపడుతోంది. సీటు కిందనుంచి వెన్నులోకి ఎక్కే ఆ ధమధమ మాత్రం లేదు. మూడో అంతస్తులోకి రాగానే తిరిగొచ్చింది. నాలుగు దెబ్బలు కొట్టింది. మళ్లీ పోయింది.

"చూశావురా? నిన్న పీఐఈ ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా ఇంతే. పాటకి నత్తి వచ్చినట్టుంది," అంటాడు బావ, స్టీరింగు తిప్పుతూనే.

మీకు వెనక సీట్లో చోటుంది. కాళ్ల దగ్గర నా స్పానర్ల సంచీ ఉంది, కాస్త జరిపి కూర్చోండి. బెల్టు పెట్టుకోండి, సింగపూర్‌లో వెనక కూర్చున్నవాళ్లకీ తప్పదు. శనివారం మధ్యాహ్నం, కాకీ బుకిట్. కార్ల వర్క్‌షాపులు ఒకదాని మీద ఒకటి పేర్చిన భవనం ఇది. కారుతో సహా పైఅంతస్తుల దాకా ఎక్కిపోవచ్చు. ఒక్కో గేటు ముందునుంచి వెళ్తుంటే ఒక్కో వాసన వస్తుంది. ఇక్కడ పెయింటు, అక్కడ టైరు రబ్బరు, ఆ పక్కన ఎవరో డబ్బాలో తెచ్చుకున్న చికెన్ రైస్. కారులో మోగుతున్నది తమన్, 'అఖండ' నేపథ్య సంగీతం. బావ సబ్‌వూఫర్‌కి పరీక్ష పెట్టాలంటే దీన్ని మించిన ప్రశ్నపత్రం లేదంటాడు. 2021లో ఆ సినిమాని హాల్లో చూసినవాళ్లు కాదనరు.

కారుకి పన్నెండేళ్లు. జపాన్ సెడాన్, రంగు కాస్త వెలిసింది. "ఇంత పాత కారుకి ఇంత తాపత్రయమా?" అని ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు అడుగుతుంటారు. ఇక్కడ కారు కొనాలంటే కారు ధర ఒక్కటే కాదు, దాన్ని పదేళ్లపాటు రోడ్డు మీద ఉంచుకునే హక్కుని కూడా వేలంలో కొనుక్కోవాలి. సీఓఈ అంటారు. 1990లో మొదలైన పద్ధతి. 2023 అక్టోబరులో చిన్న కార్ల విభాగంలోనే ఆ హక్కు ధర 1,06,000 సింగపూర్ డాలర్లకి చేరింది. పదేళ్లు నిండాక కారుని వదులుకోవచ్చు, లేదంటే గత మూడు నెలల సగటు ధర కట్టి ఇంకో ఐదేళ్లో పదేళ్లో పొడిగించుకోవచ్చు. బావ పొడిగించాడు. కాబట్టి కారు మారదు, కారులోని సామాన్లే మారుతుంటాయి. పదేళ్లు దాటింది గనక ఏటా తనిఖీకి వెళ్లాలి. అక్కడ బ్రేకులు చూస్తారు, పొగ చూస్తారు. డిక్కీలో పెట్టె ఎందుకు ఆగి ఆగి మోగుతోందో ఎవరూ చూడరు. దానికే ఇక్కడికి వచ్చాం.

షాపు చిన్నది. రెండు కార్లు పడతాయి, మూడోది పెడితే మనుషులు బయట నిలబడాలి. గోడకి తిరుగుతున్న ఫ్యాను, దాని కింద మేకుకి తగిలించిన ప్లాస్టిక్ సంచీలో చల్లటి కోపీ, స్ట్రాతో సహా. యజమాని అరవై దాటిన చైనీస్ మనిషి. ఇక్కడ ఆ వయసు మగవాళ్లందరూ అంకుళ్లే, మనమూ అలాగే పిలుద్దాం. ఆయన దగ్గర ఒక మలయ్ కుర్రాడు పనిచేస్తాడు. మాట తక్కువ, చెయ్యి చురుకు.

బావ కారు ఆపీ ఆపకముందే తన తీర్పు చెప్పేశాడు. యాంప్, అంటే యాంప్లిఫయరు, పోయింది. కాకపోతే వేడెక్కుతోంది. ఏదైనా సరే, కెపాసిటర్ ఒకటి పెట్టాలి. సరిహద్దు అవతల మలేసియాలో, జొహోర్ బారూలో ఒక యాంప్ చూసిపెట్టుకున్నాడట, ఇక్కడికంటే చవక. అది చవక ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. కాజ్‌వే దాటాలంటే సింగపూర్ కారు ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉండాలి, 1991 నుంచి ఉన్న నియమం. శనివారం సాయంత్రం వుడ్‌ల్యాండ్స్ దగ్గర గంటలకొద్దీ వరసలో నిలబడాలి. దానికి వెల కడితే యాంప్ బంగారమవుతుంది.

అంకుల్ అంతా విన్నాడు. కోపీ ఒక గుక్క పీల్చాడు.

"ఆగినప్పుడు లైటు ఏ రంగులో ఉంది?"

"ఏ లైటు?" అన్నాడు బావ.

"యాంప్ మీద లైటు."

బావ నా వైపు చూశాడు. నేను డిక్కీ వైపు చూశాను. యాంప్ ఉండేది డిక్కీలో. మోత ఆగినప్పుడు మనిషి ఉండేది స్టీరింగు ముందు. నెలల తరబడి ఈ తంటా పడుతున్నా, ఆగిన ఆ క్షణంలో యాంప్ ముఖం ఎవరూ చూడలేదు. ఆగి ఆగి వచ్చే రోగంతో చిక్కే ఇది. డాక్టరు దగ్గరికి రాగానే తగ్గిపోతుంది. షాపులో కారు నిలబెట్టి పాట పెడితే చక్కగా మోగుతుంది, ఇంటిదారి పట్టగానే మళ్లీ మొదలు.

అంకుల్ డిక్కీ తెరిచాడు. మనమూ వంగి చూద్దాం. ఎడమవైపు బూడిద రంగు గుడ్డ చుట్టిన చెక్కపెట్టె, అందులో పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్. సీటు వెనక అల్యూమినియం రెక్కలున్న యాంప్, మూలన చిన్న ఆకుపచ్చ దీపం. అంకుల్ అరచెయ్యి యాంప్ మీద ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. వేడిగా ఉంది గానీ చెయ్యి తీసేసేంత కాదు. "వేడి కాదు," అన్నాడు. వేడికే ఆగే యాంప్ అయితే ఈపాటికి చెయ్యి పెట్టనిచ్చేది కాదు, పైగా అది అరనిమిషంలో తిరిగి లేవదు, చల్లబడేదాకా మొండికేస్తుంది. బావ సణిగాడు. ఆయన అనుమానం గాల్లోంచి పుట్టిందేమీ కాదు. 2023 మే 13న ఆంగ్ మో కియోలో 37 డిగ్రీలు నమోదైంది, 1983 ఏప్రిల్ నాటి రికార్డుతో సమానం. ఆరుబయట పార్క్ చేసిన కారు డిక్కీలో యాంప్‌లు ఆ కారణంగానూ ఆగుతాయి. ఈ యాంప్ కథ అది కాదు, అంతే.

అంకుల్ బావ ఫోను అడిగి తీసుకుని, వీడియో రికార్డింగు ఆన్ చేసి, దీపం కనపడేలా యాంప్ ఎదురుగా టేపుతో అంటించాడు. డిక్కీ మూశాడు. "ఓ చుట్టు తిప్పి రండి. పాట మామూలుగా పెట్టే మోతలోనే పెట్టండి."

ర్యాంపు దిగి, యూబీ వైపు కాస్త దూరం వెళ్లి, తిరిగి వస్తున్నాం. మీరు కూడా చెవి పెట్టండి. ఆగినప్పుడల్లా ఏం జరుగుతోంది? పెద్ద దెబ్బ పడినప్పుడు ఆగుతోంది. సిగ్నల్ దగ్గర ఇంజను నెమ్మదించినప్పుడు ఎక్కువ ఆగుతోంది. ఇంకోటి గమనించారా, స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగినప్పుడు పెద్ద దెబ్బ లేకపోయినా ఒకసారి ఆగింది. ఈ మూడోది మొదటి రెంటితో పొసగదు. బావ అన్నిటినీ కలిపి "దానిష్టం వచ్చినప్పుడు ఆగుతోంది" అంటాడు. ఇష్టాయిష్టాలు తీగలకి ఉండవు.

షాపుకి తిరిగొచ్చాక ఫోను చుట్టూ నాలుగు తలకాయలు. చీకటి డిక్కీలో ఒక్కటే ఆకుపచ్చ చుక్క. దెబ్బ, దెబ్బ, పెద్ద దెబ్బ. చుక్క ఆరిపోయింది. క్షణం చీకటి. మళ్లీ వెలిగింది, మోత మళ్లీ మొదలైంది. ఇలా పదే పదే. వీడియో జరుపుతూ పోతే స్పీడ్ బ్రేకరు చోటు వచ్చింది. అంకుల్ అక్కడ వీడియో ఆపి వేలితో చూపించాడు. మోత లేదు. చుక్క మాత్రం నిబ్బరంగా వెలుగుతోంది.

"రెండు జబ్బులు," అన్నాడు అంకుల్. చిన్నగా నవ్వాడు కూడా. జబ్బు రెండైతే బిల్లు రెట్టింపు అని కాదనుకుంటాను, విడదీయడం కుదిరిందని.

ఈ లెక్క తెలిస్తే సగం పని అయిపోయినట్టే. దీపం పూర్తిగా ఆరిపోతే యాంప్‌కి తిండి అందడం లేదు. బ్యాటరీ నుంచి వచ్చే పెద్ద తీగ, దాని ఫ్యూజు, బాడీకి బిగించిన ఎర్తు, ముందున్న స్టీరియో నుంచి యాంప్‌ని లేపడానికి వచ్చే సన్నటి రిమోట్ తీగ, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. దీపం ఎర్రగా మారితే యాంప్ తనని తాను కాపాడుకుంటోంది. స్పీకరు తీగలు ఒకదానికొకటి తగులుతుండొచ్చు, ఓములు మరీ తక్కువై ఉండొచ్చు, వేడి కావచ్చు. దీపం ఆకుపచ్చగానే ఉండి మోత లేకపోతే యాంప్ తప్పు దాదాపు లేనట్టే. దానికి పాట అందడం లేదు, లేదా అది పంపిన పాట స్పీకరుకి చేరడం లేదు. వోల్టేజి పడిపోతే కొన్ని యాంప్‌లు దీపం ఆర్పుకుంటాయి, కొన్ని ఎర్రగా వెలుగుతాయి. మీదే రకమో మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ ఎక్కడుందో మీకే తెలియాలి.

ముందు మొదటి జబ్బు. అంకుల్ మీటరు తీశాడు. ఎర్ర ప్రోబు యాంప్ ప్లస్ మీద, నల్లది మైనస్ మీద. ఇంజను ఆపి ఉంటే 12.6 వోల్టులు. స్టార్ట్ చేస్తే 14.1.

"కరెంటు బ్రహ్మాండంగా ఉంది కదా," అన్నాడు బావ.

"అది ఇప్పుడు పనేమీ చెయ్యట్లేదు," అన్నాడు అంకుల్. అని, తన ఫోను నుంచి 40 హెర్ట్జ్ స్వరం ఒకటి పెట్టి మోత పెంచాడు. పాట కాదిది, ఒకే ఒక్క గుమ్మనే ధ్వని. షాపు రేకు షట్టరు వణికింది. పక్క బల్ల మీద స్క్రూలు గలగలమన్నాయి. మీటరు మీద అంకెలు దిగాయి. 12, 11, 10.4. నిశ్శబ్దం. ఒక్కసారిగా 13.9. మళ్లీ గుమ్మంది, మళ్లీ 10.4, మళ్లీ నిశ్శబ్దం.

ఆగి ఆగి మోగడం అంటే ఏమిటో ఇప్పుడు మీ కళ్లముందే ఉంది. యాంప్ ఆకలితో కరెంటు లాగుతుంది. దారిలో ఎక్కడో అడ్డు ఉంది, అక్కడ వోల్టేజి కారిపోతుంది. పదిన్నర వోల్టుల దరిదాపుల్లోకి రాగానే ఈ యాంప్ తనంతట తాను కట్టేసుకుంటుంది. కట్టేసుకోగానే లాగడం ఆగిపోతుంది, వోల్టేజి లేచి కూర్చుంటుంది. సరే అంతా బాగుందనుకుని యాంప్ మళ్లీ మేలుకుంటుంది. మేలుకోగానే మళ్లీ లాగుతుంది. ఈ చక్రంలో యాంప్ చేసిన తప్పేమీ లేదు. బావ జొహోర్ నుంచి ఇంకా పెద్ద యాంప్ తెచ్చి ఇదే తీగలకి తగిలించి ఉంటే, అది ఇంకా ఎక్కువ లాగి, ఇంకా త్వరగా ఆగేది.

మరి అడ్డు ఎక్కడ? దీన్ని పట్టుకోవడానికి అంకుల్ దగ్గరున్న సాధనం ఒక సన్నటి తీగ చుట్ట, చివర మొసలి క్లిప్పు. ముందు బానెట్ కింద బ్యాటరీ ప్లస్‌కి క్లిప్పు తగిలించి, తీగని కారు పక్కనుంచి డిక్కీ దాకా లాగి, మీటరుకి కలిపాడు. ఇంత సన్నటి తీగ చాలుతుందా అని అడగకండి, మీటరు తాగే కరెంటు లెక్కలోది కాదు. మీటరు రెండో ప్రోబు యాంప్ ప్లస్ మీద పెట్టి, మళ్లీ ఆ గుమ్మనే స్వరం. బ్యాటరీ ప్లస్‌కీ యాంప్ ప్లస్‌కీ మధ్య తేడా 0.6 వోల్టు. అంటే కరెంటు వచ్చే దారిలో పోయింది అంత. ఇప్పుడు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి మార్చి, ప్రోబు యాంప్ మైనస్ మీద. 2.4.

మలయ్ కుర్రాడు ఈల వేశాడు. బ్యాటరీ దగ్గర ఆ సమయానికి 13.4 ఉంది. అందులోంచి 0.6, 2.4 తీసేస్తే మిగిలింది 10.4. మీటరు చూపించిన అంకె అణాపైసలతో సరిపోయింది. క్లాంపు మీటరు పెట్టి చూస్తే కరెంటు 40 ఆంపియర్ల దాకా వెళ్తోంది. 2.4 వోల్టులని 40తో భాగిస్తే 0.06 ఓము. ఎంత చిన్న అంకె! మామూలు మీటరుతో ఓములు కొలిస్తే ఇంత చిన్నది సరిగ్గా తేలదు, ప్రోబుల తీగలకే అంత ఉంటుంది. అందుకే ఇలాంటి అడ్డుని నిలబడి ఉన్న కారులో ఓముల్లో కాదు, మోగుతున్న కారులో వోల్టుల్లో వెతకాలి. ఆ 0.06 ఓము దగ్గర దెబ్బ పడినప్పుడల్లా ఎంత వేడి పుడుతుందో లెక్కేశారా? 2.4 ఇంటూ 40, మొత్తం 96 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ. అక్కడెక్కడో తీగ కాలుతుండాలి.

అంకుల్ స్వరం ఆపి, ఇంజను ఆపి, ముందు బ్యాటరీ మైనస్ విప్పి పక్కన పెట్టాడు. తరవాతే స్టెప్నీ పక్కనున్న కార్పెట్ ఎత్తాడు. చూడండి. యాంప్ మైనస్ తీగ చివర రింగు, దాన్ని బాడీ రేకులోకి బిగించిన ఒక చిన్న స్క్రూ. అంతే. రింగు కింద కారు పెయింటు పెయింటులాగే ఉంది, ఎవరూ గీకలేదు. రింగులోకి నొక్కిన రాగిపోగుల మీద పచ్చటి చిలుము, దాని పక్క ప్లాస్టిక్ తొడుగు గోధుమ రంగుకి తిరిగి ముడుచుకుపోయింది. ముక్కు దగ్గరికి వెళ్తే మాడిన వాసన. ఇన్నాళ్లూ ఆ నలభై ఆంపియర్లూ నడిచింది స్క్రూ మరల అంచుల మీదుగా.

ఎవరు బిగించారో బావ చెప్పలేదు, మేమూ అడగలేదు. సింగపూర్ గాలికి వంక పెట్టడం తేలిక, ఏడాది పొడుగునా తేమే, బయటపడ్డ రాగి పచ్చబడక మానదు. కానీ తేమ వచ్చి చేరింది తరవాత. ముందు వచ్చింది తొందర. గీకడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలు ఎవరో మిగుల్చుకున్నారు. తెనాలిలో ఆటో వెనక సీటు కింద పెట్టెలు బిగించేవాళ్ల దగ్గరా ఇదే చూశాను. పెట్టె మీద పెట్టిన డబ్బూ శ్రద్ధా ఎర్తు మీద పెట్టరు. ఎర్తు కనపడదు కదా.

కుర్రాడు గరుకు కాగితంతో రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద మేర పెయింటు గీకి, తళతళలాడే ఉక్కు తేల్చాడు. సీటు బెల్టు బిగించిన బోల్టు పక్కనే ఉంది, దానికే తగిలించేస్తే పోదా అన్నాడు బావ. అంకుల్ ఒక్క మాటలో కొట్టేశాడు. అది ప్రాణం కాపాడే బోల్టు, దాన్ని ముట్టుకోకూడదు. రేకుకి బెజ్జం వేసే ముందు కింద ఏముందో తలదూర్చి చూశాడు, పెట్రోలు గొట్టమో బ్రేకు గొట్టమో ఉంటే కథ మారిపోతుంది. తరవాత పళ్ల వాషరు, లావుపాటి బోల్టు, వెనక నట్టు. తీగకి కొత్త రింగు, హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కాక లాగి చూస్తే కదల్లేదు. పైన గ్రీజు, ఆపైన పెయింటు ఒక పూత, తేమ చొరబడకుండా.

ప్లస్ తీగని కూడా చూడమన్నాను నేను. 0.6 వోల్టు కూడా ఊరికే పోయేది కాదు. కుర్రాడు చివర కత్తిరించి గోటితో గీశాడు. పైన రాగి రంగు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత. ఎనిమిది గేజి, ఐదు మీటర్లు. అదే గేజిలో అసలు రాగితో పోలిస్తే ఒకటిన్నర రెట్ల అడ్డు ఉంటుంది దీనికి. ప్యాకెట్ మీద గేజి అంకె పెద్దగా వేస్తారు, లోపలి లోహం పేరు చిన్నగా వేస్తారు. నన్నడిగితే ఇది అమ్మేవాళ్ల లెక్క, కొనేవాళ్లు అడిగి తెలుసుకోవలసిందే. నాలుగు గేజి అసలు రాగి తీగ వేస్తే ఐదు మీటర్లకి పోయేది 0.16 వోల్టు మాత్రమే. కుర్రాడు దాన్ని కుడివైపు గడపల కిందనుంచి లాగాడు, ఎడమవైపు పాట తెచ్చే ఆర్‌సీఏ తీగ ఉంది గనక. రెండూ ఒకే పక్క నడిస్తే ఇంజను గోల పాటలోకి ఎక్కొచ్చు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టాడు. ఫ్యూజు ఉండేది యాంప్‌ని కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది తీగని కాపాడడానికి. దూరంగా పెడితే, బ్యాటరీకీ దానికీ మధ్యలో తీగ నలిగి బాడీకి తగిలినప్పుడు మంటని ఆపేది ఏదీ ఉండదు.

మళ్లీ స్వరం, మళ్లీ మీటరు. ఎర్తు వైపు 0.06. యాంప్ దగ్గర 13 వోల్టులు దాటి, కదలకుండా. దీపం ఆరలేదు. షట్టరు వణుకుతూనే ఉంది, పక్క షాపు ఆయన తొంగిచూసి వెళ్లాడు.

బావ మొహం వెలిగింది. "అయిపోయిందా?"

అంకుల్ జవాబు చెప్పకుండా పిడికిలితో స్పీకరు పెట్టెని మెల్లగా గుద్దాడు. మోత పోయింది. దీపం ఆకుపచ్చగానే ఉంది. అది రెండో జబ్బు.

పాట అందడం లేదా, పంపింది చేరడం లేదా? ఆయన ఆర్‌సీఏ తీగ ఊడదీసి, తన ఫోనుని మరో తీగతో నేరుగా యాంప్‌కే తగిలించాడు. పెట్టెని గుద్దితే మళ్లీ పోయింది. అంటే స్టీరియో, దాని తీగలు నిర్దోషులు. యాంప్ దాటాక ఎక్కడో ఉంది. స్పీకరు తీగలు యాంప్ నుంచి విప్పి, మీటరుని ఓముల్లో పెట్టి వాటికి కలిపాడు. నాలుగు ఓముల స్పీకరు, మీటరు చూపించింది 3.5. ఇది సరైనదే, మీటరుకి చిక్కే అంకె స్పీకరు మీద రాసిన అంకె కంటే కొంచెం తక్కువే ఉంటుంది. ఇప్పుడు మీరు కూడా చూడండి. రెండు చేతుల వేళ్లూ కోన్ మీద చుట్టూ సమానంగా ఆనించి, నెమ్మదిగా లోపలికి నొక్కాడు. 3.5. ఇంకాస్త. 3.5. ఇంకాస్త. అంకె మాయమై గీతలొచ్చాయి. వదిలాడు, 3.5 తిరిగొచ్చింది.

పెట్టెలోంచి స్పీకరు విప్పి బోర్లా పెట్టాక దొంగ దొరికాడు. కోన్‌కి వెళ్లే అల్లిక తీగలుంటాయి, టిన్సెల్ అంటారు. స్పీకరు చట్రం మీది టెర్మినల్ నుంచి కదిలే కోన్‌లోని కాయిల్‌కి కరెంటు మోసేది ఇవే. ఒకవైపు కదలని ఇనుము, ఇంకోవైపు సెకనుకి 40 సార్లు ఊగే కాగితం. గంటసేపు ఆ స్వరం మోగితే 1,44,000 ఊపులు. ఏళ్ల తరబడి మోగితే ఎన్నో లెక్కపెట్టుకోండి. ఒక తీగ కోన్‌లోకి దూరే చోట తెగింది, లోపలి నూలు పట్టుకుని ఉండబట్టి చూడ్డానికి అతికే ఉంది. కోన్ ఒక స్థాయి దాటి కదిలితే చివరలు విడిపోతాయి, వెనక్కి వస్తే తగులుకుంటాయి.

"ఇలాంటి తీగ ఒకప్పుడు సుంగై రోడ్‌లో పాత స్పీకర్లలోంచి పీక్కునేవాణ్ణి," అన్నాడు అంకుల్, సొరుగు వెతుకుతూ. సుంగై రోడ్ సెకండ్‌హ్యాండ్ బజారు 2017 జూలై 10న మూతపడింది. దాని పక్కనే ఉన్న సిమ్ లిమ్ టవర్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులు నడుస్తున్నాయి గనక పని ఆగలేదు. సొరుగులో చుట్ట దొరికింది. పాతది సోల్డరు కరిగించి తీసి, అంతే పొడుగు కొత్తది వేశాడు. పొడుగు దగ్గర ఆయన చూపించిన పట్టుదల చూడాలి. పొట్టిదైతే కోన్ బయటికి వచ్చినప్పుడు లాగి తెంపుకుంటుంది, పొడుగైతే కోన్‌కి తగిలి టపటపమంటుంది. సోల్డరు తీగలోకి పాకనివ్వకూడదు, పాకినంత మేరా బిరుసెక్కి అక్కడే విరుగుతుంది. ఐరన్ పెట్టడం, తీయడం కళ్లు మూసి తెరిచేంతలో అయిపోయింది.

బావ ఇంకా కెపాసిటర్ వదల్లేదు. ఒక ఫారడ్‌ది, నీలం దీపాలతో, డిక్కీలో బాగుంటుందట. అందం సంగతి ఆయనిష్టం. లెక్క మాత్రం ఇది. ఒక ఫారడ్ కెపాసిటర్ రెండు వోల్టులు పడేలోగా 40 ఆంపియర్లని ఇవ్వగలిగేది సెకనులో ఇరవయ్యో వంతు సేపు. తమన్ వేసే ఒక్క దెబ్బ అంతకంటే పొడుగు. చెడిన ఎర్తుకి అది మందు కాదు.

చివరగా అంకుల్ స్క్రూడ్రైవరు తీసుకుని యాంప్ మరల దగ్గర కూర్చున్నాడు. గెయిన్ చివరంటా తిప్పి ఉంది. బాస్ బూస్ట్ 12 డెసిబెల్స్ మీద ఉంది. బావ గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. 12 డెసిబెల్స్ అంటే ఆ స్వరానికి పదహారు రెట్ల పవరు అడగడం. యాంప్ దగ్గర అంత లేదు, ఉండదు. ఇవ్వలేనిది అడిగితే అల తలలు తెగి చదునవుతాయి, కాయిల్ కాలుతుంది, కరెంటు వృథాగా పెరుగుతుంది. గెయిన్ వాల్యూమ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్‌కీ యాంప్‌కీ పొంతన కుదిర్చే మర అది. అంకుల్ బూస్ట్ సున్నాకి దించాడు. యాంప్ మీద 300 వాట్లు, నాలుగు ఓములు అని ఉంది. మూడు వందల్ని నాలుగుతో గుణించి వర్గమూలం తీస్తే 34.6. స్పీకరు తీగలు విప్పి, స్టీరియోని ముప్పావు మోతలో పెట్టి, 40 హెర్ట్జ్ స్వరానికి మీటరు ఏసీలో 34 వోల్టులు చూపించేదాకా గెయిన్ పెంచి, అక్కడ ఆపాడు. మర సగం కూడా తిరగలేదు. లో పాస్ ఫిల్టరు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాడు. అంతకు పై స్వరాలు తలుపుల్లోని స్పీకర్ల పని.

స్పీకరు పెట్టెలోకి ఎక్కింది. ర్యాంపు దిగుతున్నాం. పాట అదే, మలుపులు అవే, స్పీడ్ బ్రేకరు అదే. ఎక్కడా తెగలేదు. మునుపటికంటే మోత కాస్త తగ్గినట్టుందని బావ గొణిగాడు. నాకైతే ఇప్పుడే డోలు డోలులా, బాస్ గిటారు బాస్ గిటారులా విడివిడిగా వినపడుతున్నాయి. ఇంతకుముందు వినపడింది ఒకే గుమ్ము. అంకుల్ తీసుకున్న డబ్బు, బావ చూసిపెట్టుకున్న ఆ యాంప్ ఖరీదులో సగం కూడా లేదు. అందులో ఎక్కువ భాగం రాగి తీగకే.

మీ కారులో బాస్ ఇలా వచ్చి పోతుంటే, కొత్త యాంప్ ధర అడగక ముందు డిక్కీలో ఫోను అంటించి ఆ దీపాన్ని వీడియో తీయండి. ఆరుతోందా, ఎర్రబడుతోందా, ఆకుపచ్చగానే ఉంటోందా చూసుకుని షాపుకి వెళ్లండి. అక్కడ ఎవరైనా కారు నిలబెట్టి, పాట ఆపి వోల్టేజి కొలిచి అంతా బాగుందంటే, పాట పెట్టి మళ్లీ కొలవమనండి. ఎర్తు రింగు కింద పెయింటు గీకారో లేదో మీరే కార్పెట్ ఎత్తి చూడండి. తీగల మీద చెయ్యి వేసేటట్టయితే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి.